ఊరి పక్కన ఇండస్ట్రియల్ పార్కు, దాని ముందు షాపింగ్ కాంప్లెక్స్ అట. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

చెరువుకట్ట:
మాది సంగారెడ్డి జిల్లా. ఊరికీ హైవేకీ మధ్యనున్న పొలాల్లో పార్కు వస్తుందని మొన్న పేపర్లో ప్రకటన పడింది. రోడ్డు వైపు షాపులు, హోటల్. వెనక గోడౌన్లు, ఫ్యాక్టరీ షెడ్లు. పంచాయతీ ఆఫీసు ముందు కట్టిన ఫ్లెక్సీలో ఫౌంటెన్ కూడా ఉంది. షెడ్లలో ఏం తయారుచేస్తారంటే మాత్రం "అన్ని రకాలూ" అంటున్నారు. వాటిని ఆనుకునే మా చెరువు. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ. వెళ్లి ఏం అడగాలి?

నక్కవాగు_పాతకాపు:
పటాన్‌చెరు దగ్గరోణ్ణి. 1970ల్లో ఇక్కడ ఇండస్ట్రియల్ ఎస్టేటు వచ్చినప్పుడు మా పెద్దోళ్లు సంబరపడ్డారట. నాకు ఊహ తెలిసేసరికి వాగు నురగ కక్కుతోంది. బోరు నీళ్లు బిందెలో పట్టి ఉంచితే పొద్దున్నకి అడుగున తుప్పు రంగు మడ్డి, పైన తెట్టు. అమ్మ ఎంత చింతపండు పెట్టి తోమినా బిందె మరక పోయేది కాదు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కణ్ణుంచి హైకోర్టుకు, తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు. కేసు పడ్డ ఏడు పుట్టినోళ్లకి ఇప్పుడు పిల్లలున్నారు. మురుగు ఎటు పోతుందో ముందు అడుగు తమ్ముడూ. "ఎస్‌టీపీ కడతాం" అంటే సరేననకు. అది లెట్రిన్ల నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు. కెమికల్ నీళ్ల శుద్ధికి ఈటీపీ అని వేరే ప్లాంటు ఉండాలి.

రెండెకరాలు:
అందరూ భయపెట్టేవాళ్లే. మా ఊరి దగ్గర పార్కు వచ్చాక ఎకరం రేటు ఎక్కడికో పోయింది. మా అబ్బాయికి ఇంటి దగ్గరే ఉద్యోగం. వద్దంటే పక్క మండలానికి పోతుంది, అంతే.

గోడౌన్_పక్కిల్లు:
అన్నా, రేటు పెరిగింది అమ్ముకునేవాళ్లకి. ఉండేవాళ్ల సంగతో? మా దగ్గర కెమికల్ లేదు, వాసన లేదు, ఉత్త గోడౌన్లే. రాత్రి రెండింటికి లారీలు రివర్స్ తీస్తుంటాయి, ఆ కుయ్ కుయ్ మోతకి మా నాన్న లేచి కూర్చుంటాడు. బడి పిల్లలు నడిచే రోడ్డూ అదే. లారీలకు వేరే దారి ఇస్తారా, రాత్రి ఎన్ని గంటల దాకా తిరుగుతాయి? ఇవి అడగండి.

ఫైలు_పురుగు:
పర్యావరణ అనుమతుల ఫైళ్లు చాలా ఏళ్లు చూశాను. ఒక మెలిక చెప్తా. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం, అనుమతి వచ్చిన పార్కు లోపల తర్వాత పెట్టే ఫ్యాక్టరీకి మామూలుగా మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. షాపులు, భవనాల్లాంటి నిర్మాణాలకూ ఉండదు. అంటే మీకున్న అవకాశం ఈ ఒక్క సభే. అందుకే "అన్ని రకాలూ" అన్న మాట దగ్గర వాళ్లను వదలొద్దు. రెడ్ కేటగిరీ, అంటే ఎక్కువ కాలుష్యం చేసే యూనిట్లు వస్తాయా రావా, రాసివ్వమనండి.
ప్రకటనకీ సభకీ మధ్య కనీసం 30 రోజులుండాలి. డ్రాఫ్ట్ రిపోర్టు కలెక్టరాఫీసులో, పంచాయతీ ఆఫీసులో చూడొచ్చు, తెలుగు సారాంశం కూడా ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, సభ చివర అక్కడ రాసుకున్న విషయాలు తెలుగులో చదివి వినిపించాలి. జనం అప్పటికే భోజనాలకు వెళ్లిపోతారు! మీరు కూర్చోండి. మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి రాయించండి. ఇంతమంది వస్తేనే సభ అన్న కోరం లేదు, కాబట్టి బహిష్కరిస్తే ఆగిపోతుందనుకోవద్దు.

గోపాలపట్నం:
విశాఖ నుంచి. ఆర్.ఆర్. వెంకటాపురం ఫ్యాక్టరీ 1961లో పెట్టినప్పుడు అది ఊరి బయట. తర్వాత ఇళ్లు దాన్ని చుట్టేశాయి. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. మీ దగ్గర ఇళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు, హోటల్ని, షాపుల్ని వాళ్లే తెచ్చి ముందు పెడుతున్నారు. షెడ్డుకీ షాపుకీ మధ్య ఎంత ఖాళీ వదులుతున్నారు? ప్లానులో స్కేలు పెట్టి కొలవండి.

చెరువుకట్ట:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ పంచాయతీ ఆఫీసుకెళ్లి రిపోర్టు అడిగాను. బీరువా తాళం సెక్రటరీ దగ్గరుందన్నారు, రెండు గంటలు కూర్చుంటే వచ్చాడు. ప్లాను ఫోటోలు తీసుకున్నా. మా చెరువు ఉండాల్సిన చోట "గ్రీన్ బెల్ట్" అని రాసుంది. రేపు రెవెన్యూ మ్యాప్ తీసుకుంటున్నా.