ఐదవ డాక్టర్ వేషానికి 1925 నాటి క్రికెట్ బ్యాట్: సలహా కావాలి

బీబీసీ సైన్స్ ఫిక్షన్ ధారావాహిక 'డాక్టర్ హూ'లో పీటర్ డేవిసన్ పోషించిన ఐదవ డాక్టర్ (డాక్టర్ అనే కథానాయకుడి ఐదవ రూపం) వేషాన్ని ఒక వేడుక కోసం సిద్ధం చేసుకుంటున్నాను. లేత రంగు పొడవాటి కోటు, స్వెటరు, కోటుకు గుచ్చే సెలెరీ కాడ సమకూరాయి (సెలెరీకి బదులు కొత్తిమీర కట్ట చాలునన్న మిత్రుల సలహాను మాత్రం అంగీకరించలేకపోయాను). చిక్కంతా బ్యాట్‌తోనే వచ్చింది.

1982లో ప్రసారమైన 'బ్లాక్ ఆర్కిడ్' కథ 1925 నాటి ఇంగ్లండ్‌లో జరుగుతుంది. అందులో డాక్టర్ ఒక మ్యాచ్‌లో బ్యాటింగ్, బౌలింగ్ రెండూ చేస్తాడు. ఆ కాలపు బ్యాట్ల అంచులు పలుచగా ఉండేవి. నేటి నియమాలు అంచుకు 40 మిల్లీమీటర్ల వరకు అనుమతిస్తున్నందున, దుకాణాల్లో దొరికే బ్యాట్ ముందు నుంచి సరిగానే కనిపించినా, పక్కకు తిప్పగానే దాని వయసు బయటపడుతోంది.

పాత కశ్మీరీ విల్లో బ్యాట్ వెనుక భాగాన్ని చిత్రిక పట్టి అంచులు తగ్గిస్తే చెక్క చీలే ప్రమాదం ఉందా? స్టిక్కర్లు తీసిన మచ్చలు పోయి, కర్రకు పాతబడిన తేనె రంగు రావాలంటే అవిసె నూనె ఒక్కటే సరిపోతుందా, మరేదైనా పూయాలా? అదే ధారావాహికలోని 'ఫోర్ టు డూమ్స్‌డే' కథలో డాక్టర్ అంతరిక్షంలో విసిరిన బంతి అందరికీ గుర్తుంటుంది కానీ, నాకు కావలసింది బ్యాట్ దగ్గరగా కనిపించే దృశ్యాలు. 'బ్లాక్ ఆర్కిడ్' కాక మరే కథలను చూడాలో అభిమానులు దయచేసి తెలుపగలరు. ఈ బ్యాట్‌తో ఆడే ఉద్దేశం లేదు కనుక బలం కన్నా రూపమే నాకు ముఖ్యం.