పుట్టిన ప్రతి బిడ్డకూ టాక్సోప్లాస్మా పరీక్ష అవసరమా?

అమలాపురం మాస్టారు:
మా కోడలికి మూడో నెలలో చేసిన టార్చ్ పరీక్షలో (గర్భంలోని బిడ్డకు హాని చేయగల కొన్ని ఇన్ఫెక్షన్లకు చేసే రక్తపరీక్ష) టాక్సోప్లాస్మా అనే, పిల్లుల మలం ద్వారా వ్యాపించే పరాన్నజీవికి ఐజీఎం అనే యాంటీబాడీ పాజిటివ్ వచ్చిందని, గర్భం తీయించుకోవడమే మేలని ఒక నర్సింగ్‌హోంలో చెప్పారు. కాకినాడలో ఎవిడిటీ పరీక్ష (యాంటీబాడీలు క్రిమిని ఎంత గట్టిగా పట్టుకుంటాయో చూసేది) చేయిస్తే అది ఎక్కువగా ఉంది, అంటే పాత ఇన్ఫెక్షనేనని తేలింది. మనవడు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. ఈ పరీక్షను ఇంకా ప్రతి పసిబిడ్డకూ అంటగట్టాలా?

భీమవరం ల్యాబ్:
మాస్టారూ, మీరు చెప్పినది తల్లి సంగతి. తల్లి ఐజీజీ (సోకి చాలాకాలమైనా రక్తంలో నిలిచే యాంటీబాడీ) మాయ దాటి బిడ్డకు చేరుతుంది కాబట్టి పుట్టగానే అది కనిపించినంత మాత్రాన ఏమీ తేలదు. ఐజీఎం, ఐజీఏ అనే యాంటీబాడీలు మాయ దాటవు కనుక బిడ్డ రక్తంలో అవి ఉంటే అనుమానించవలసిందే. అయితే కాన్పులో తల్లి రక్తం కలిసే వీలున్నందున, బొడ్డుతాడు రక్తంతో సరిపెట్టక పది రోజుల తరువాత బిడ్డ నమూనాతో మళ్లీ చూడాలి. ఐజీజీ ఏడాది నిండినా పోకపోతే సోకినట్లే.

లంకవాసి:
పిల్లులున్న ఇళ్లవారికి చేస్తే చాలదా?

భీమవరం ల్యాబ్:
చాలదు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, మట్టి చేతులు కూడా దారులే.

అమలాపురం మాస్టారు:
ఐజీఎం ఉంటే అనుమానించాలని మీరే అంటున్నారు. మా కోడలికి వచ్చిందీ అదే కదా?

భీమవరం ల్యాబ్:
తల్లిలో ఐజీఎం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నిలుస్తుంది, కాబట్టి అది ఉన్నంత మాత్రాన కొత్తగా సోకినట్లు కాదండీ!

పాలకొల్లు ఆడపడుచు:
మా అక్క కూతురు పుట్టినప్పుడు నిక్షేపంగా ఉంది. రెండో తరగతిలో కుడి కన్ను మూస్తే బోర్డు కనిపించడం లేదని టీచరు గమనించారు. ఎడమ కంటి రెటీనా నడిమధ్యన పాత మచ్చ ఉందని, గర్భంలోనే సోకి ఉండవచ్చని కంటి డాక్టరు అన్నారు. సోకిన పిల్లల్లో ఎక్కువ మందికి పుట్టినప్పుడు ఏ లక్షణమూ ఉండదట. మీ మనవడు క్షేమం కాబట్టి మా పిల్ల కన్ను లెక్కలోకి రాదా మాస్టారూ?

అమలాపురం మాస్టారు:
ఆ మాట అన్యాయం, అమ్మా. పాజిటివ్ అన్న కాగితం చేతిలో పెట్టాక ఎవరు పట్టించుకుంటారన్నదే నా బాధ. పైరిమెథమైన్, సల్ఫాడయజిన్, ఫోలినిక్ యాసిడ్ ఏడాది పాటు వాడాలి, రక్తకణాలు తగ్గుతున్నాయేమో పదేపదే చూడాలి. లంక ఊరి బాలింత పసిబిడ్డను ఎత్తుకుని పంటు దాటి ఎన్నిసార్లు తిరుగుతుంది?

భీమవరం ల్యాబ్:
ఈ ముక్క ముందే అనవలసింది. ఫ్రాన్సులో 1992 నుంచి యాంటీబాడీలు లేని గర్భిణులకు నెలనెలా పరీక్ష చేస్తున్నారు కాబట్టి, ఏ బిడ్డను వెంటాడి చూడాలో వారికి కాన్పుకు ముందే తెలుస్తుంది. ఇక్కడ కనీసం గర్భంలో కొత్తగా సోకిందని తేలిన తల్లుల బిడ్డలకైనా రక్తపరీక్షతో పాటు చుక్కల మందు వేసి కంటి లోపల చూడాలంటాను.

పాలకొల్లు ఆడపడుచు:
మా అక్కకు గర్భంలో ఆ పరీక్షే చేయలేదు. మీ పద్ధతిలో ఆమె బిడ్డ మళ్లీ తప్పిపోతుంది.