రోలాండ్ గారోస్‌లో లైన్ జడ్జీలు ఇంకా ఎందుకు?

ఎర్రమట్టి:
2025 నుంచి పురుషుల ఏటీపీ టూర్ మొత్తం లైన్ కాల్స్‌ని (బంతి గీత లోపలా బయటా అని చెప్పడం) యంత్రానికి అప్పగించింది, క్లే అంటే మట్టి కోర్టు టోర్నీలతో సహా. అదే ఏడాది వింబుల్డన్ కూడా లైన్ జడ్జీల్ని తీసేసింది. గ్రాండ్‌స్లామ్‌లలో మనిషి గొంతు "ఔట్" అని అరిచేది ఇక పారిస్ రోలాండ్ గారోస్‌లోనే, అంటే ఫ్రెంచ్ ఓపెన్‌లోనే. 2026లోనూ అంతేనని ఫ్రెంచ్ సమాఖ్య చెప్పేసింది. మాడ్రిడ్, రోమ్‌లలో యంత్రం మాట విని వచ్చిన ఆటగాడు ఇక్కడ అంపైర్‌ని కుర్చీ దిగమని బతిమాలుకోవాలా?

గీతపక్క:
బతిమాలడం కాదండీ, దానికో పద్ధతి ఉంది. మార్కు, అంటే మట్టిలో బంతి వదిలిన జాడ, చూడమని పాయింట్ ముగించిన షాట్ మీద అడగొచ్చు. ర్యాలీ మధ్యలోనైతే ఆట ఆపేసి అడగాలి. అలవాటుగా బంతి తిరిగి కొట్టినా ఫరవాలేదు గానీ వెంటనే ఆగిపోవాలి. బంతి ఇన్ అని తేలితే ఆపినవాడే పాయింట్ కోల్పోతాడు. అంపైర్‌కి ఏది అసలు మార్కో తెలియకపోతే లైన్ జడ్జిని చూపించమంటాడు. మార్కు చదవడానికి వీల్లేకపోతే మొదటి కాల్ నిలుస్తుంది. "ఔట్" తప్పని తేలితే పాయింట్ మళ్లీ ఆడతారు, అది అవతలివాడికి అందని విన్నరో, అందని సర్వ్ అంటే ఏసో అయితే తప్ప. పరిశీలించకముందే కాలితో మార్కు చెరిపేస్తే ఆ కాల్ వదులుకున్నట్టే. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఎందుకు తీసేయాలి?

సెకండ్‌సర్వ్:
మార్కు కళ్లముందే కనబడుతుంటే యంత్రమెందుకు బ్రో. సింపుల్.

ఎర్రమట్టి:
కళ్లముందు కనబడేది మార్కు, బంతి తగిలిన చోటు కాదు. రెండూ ఒకటే అనుకోవడమే ఈ గొడవకంతటికీ మూలం. అక్కడి కోర్టులో పైన ఎర్ర ఇటుక పొడి ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద తెల్ల సున్నపురాయి పొర. పొడి తేలిపోయిన చోట బంతి వెనక భాగం తగిలినా జాడ పడదు. ఫ్లాట్‌గా వచ్చిన సర్వ్ నొక్కుకుని ముందుకు జారుతుంది కాబట్టి మార్కు సాగుతుంది. గీత కోర్టు కన్నా రవ్వంత ఎత్తుగా ఉంటే బంతి ముందు గీత అంచుకి తగిలి, ఆ తర్వాతే మట్టిలో దిగుతుంది. మధ్యలో సన్నని ఖాళీ కనబడుతుంది. అంపైర్ "ఔట్" అంటాడు, బంతి మాత్రం ఇన్. వాన పడి తడిసిన మట్టిలో అదే షాట్ ఇంకా పెద్ద మార్కు వేస్తుంది.

గీతపక్క:
మరి మీ యంత్రం? కెమెరాలతో బంతి దారి లెక్కగట్టే హాక్-ఐ వాళ్లే ఒకప్పుడు సగటున 3.6 మిల్లీమీటర్ల తేడా ఉంటుందన్నారు. మిల్లీమీటర్ పొడి గురించి పాఠం చెప్పేవారు ఆ 3.6 సంగతి చెప్పరేం? పైగా క్లే గట్టి నేల కాదు. ఆటగాళ్లు జారుతుంటే పొడి కదులుతుంది, సెట్ల మధ్య వలతో ఈడ్చి సర్దుతారు, గీతలు ఊడుస్తారు. పొద్దున కొలిచిన గీతా సాయంత్రం గీతా ఒకేలా ఉంటాయా?

డ్రాప్‌షాట్_దాసు:
జ్వెరెవ్ ఫోన్ తీసి ఫొటో కొట్టింది అందుకే కదా 😂

గీతపక్క:
అదే చెబుతున్నా. 2025 మాడ్రిడ్, డేవిడోవిచ్ ఫోకినాతో మ్యాచ్. మార్కు ఒకటి చెప్పింది, యంత్రం ఇంకోటి. యంత్రం మీద అప్పీల్ లేదు, అంపైర్ దిగి చూసినా కాల్ మార్చలేడు. ఫొటో తీసినందుకు జ్వెరెవ్‌కి వార్నింగ్ మిగిలింది.

ఎర్రమట్టి:
మ్యాచ్ గెలిచింది కూడా అతనే, అది వదిలేశారు. 2020లో పారిస్‌లో షపోవలోవ్ కార్బాయెస్ బేనా చేతిలో ఐదో సెట్‌లో 8-6తో ఓడి, క్లే మీద హాక్-ఐ ఎప్పుడు పెడతారని అడిగాడు. దాని గురించి నోరు మెదపరు. మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

నెట్‌కార్డ్:
1999 ఫ్రెంచ్ ఓపెన్ మహిళల ఫైనల్లో హింగిస్ నెట్ దాటి గ్రాఫ్ వైపు వెళ్లి మార్కు చూసి పాయింట్ పోగొట్టుకుంది. మార్కు ఉంటే డ్రామా ఉంటుంది 🍿

ఎర్రమట్టి:
పురుషుల సింగిల్స్ గురించండీ చర్చ. గీతపక్క గారూ, ఏ థ్రెడ్‌కి వెళ్లినా ఇదే ఆవు వ్యాసం, 3.6, 3.6. వందల కాల్స్‌లో మనిషి చేసే తప్పులకి ఒక్క అంకె చెప్పారా?

గీతపక్క:
అంకెలు కావాలా? ఒక కోర్టుకి పూర్తి జట్టు అంటే లైన్ల చుట్టూ 9 మంది. ఆ కుర్చీలో కూర్చునే అంపైర్‌లు ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఈ తొమ్మిదిమందిలోంచే వచ్చారు. క్వాలిఫయింగ్‌లో బేస్‌లైన్ వెనక నిలబడి, ఎండలో గాలిలో కళ్లు అలవాటు చేసుకుని పైకి ఎక్కారు. మీరు నిచ్చెన తీసేసి మేడ మీదున్న వాళ్లని మెచ్చుకుంటున్నారు.

ఎర్రమట్టి:
అదీ! ముందే అనొచ్చుగా. ఇంతసేపూ మార్కు, పొడి అని తిప్పారు. మీ బాధ ఖచ్చితత్వం కాదు, వాళ్ల కొలువు.

గీతపక్క:
కొలువు ఒక్కటే కాదు. 2025 నాలుగో రౌండులో షెల్టన్‌తో ఆడుతూ అల్కరాజ్ రాకెట్ చేతిలోంచి విసిరి బంతికి తగిలించాడు. అంపైర్ పాయింట్ అతనికే ఇచ్చేశాడు. అల్కరాజే వెళ్లి చెప్పి వదులుకున్నాడు. గీతలు చూసే యంత్రం దాన్ని పట్టదు. బంతి రెండుసార్లు పడిందా, నెట్ తగిలిందా, చేయి తగిలిందా, ఇవన్నీ అంపైర్ కళ్లే చూడాలి. ఆ కళ్లకి శిక్షణ ఎక్కడ?

ఎర్రమట్టి:
దానికి 128 మంది ఆటగాళ్ల డ్రాని శిక్షణశాల చేస్తారా? చిన్న టోర్నీల్లో ఉంచండి. మెయిన్ డ్రాలో ఐదు సెట్లు ఆడి, ఐదో సెట్ 6-6 దగ్గర 10 పాయింట్ల టైబ్రేక్‌కి వచ్చినవాడికి కావాల్సింది నిచ్చెన కాదు, సరైన కాల్.

సెకండ్‌సర్వ్:
యంత్రం కాల్, మార్కు పక్కపక్కనే స్క్రీన్ మీద వేస్తే గొడవే లేదు.

గీతపక్క:
రెండూ వేస్తే ఎప్పుడు తేడా వచ్చినా స్టేడియం మొత్తం ఈల వేస్తుంది. అప్పుడు దేన్ని నమ్మాలో ముందు రాసిపెట్టాలి. అది ఎవరు రాస్తారు?

ఎర్రమట్టి:
యంత్రాన్నే. వింబుల్డన్‌లో ఎవరో పొరపాటున దాన్ని ఆపేసినప్పుడు తప్ప.

గీతపక్క:
మరి 3.6?