‘మదాకాంక్షామితంబైన’: మితమా, అమితమా?

వ్యాసకర్త: అభివృద్ధి సహాయంపై 2005 నాటి పారిస్ ప్రకటన గురించి వ్యాసం రాస్తున్నాను. ఏం కావాలో సహాయం పొందే దేశమే నిర్ణయించుకోవాలన్న మొదటి సూత్రం దగ్గర, పోతన భాగవతంలో బలిని మూడడుగులు అడుగుతూ వామనుడు అన్న ‘మదాకాంక్షామితంబైన’ మాట ఉంచాలని ఆశ. ‘మదాకాంక్షా’ తర్వాత హితంబా, మితంబా?

సంధిప్రియ: మితంబే. చిక్కు అక్కడ కాదు, విరుపులో ఉంది. ఆకాంక్షా, మిత అని విరిస్తే నా కోరికే కొలత. ఆకాంక్షా, అమిత అని విరిస్తే కోరికకు మించినది. సవర్ణదీర్ఘ సంధి రెండింటినీ ఒకే రూపంలో దాచింది.

పాత పాఠకుడు: ‘ఒంటివాఁడ నాకు’ పద్యంలోనే ‘సొమ్ము మేర యొల్ల’ అన్నవాడు అమితం ఎందుకు కోరతాడు? పారిస్ ప్రకటన సారమూ మితమే. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సహాయంగా ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితి పెట్టిన లక్ష్యం సొమ్ము ఎంతన్నదే చూసింది. పారిస్‌లో ఎలా ఇస్తున్నారన్నది చూశారు. ప్రతి దాతా సొంత పరిశీలక బృందాన్ని పంపి, సొంత నమూనాలో నివేదిక అడిగితే, మంత్రిత్వ శాఖ అధికారులకు ఆ బృందాలకు బదులు చెప్పడంతోనే సరిపోతుంది. అందుకే ప్రభుత్వానికి సమాంతరంగా నడిచే ప్రాజెక్టు విభాగాలను మూడింట రెండు వంతులు తగ్గించాలన్నారు.

సంధిప్రియ: తర్వాతి పాదంలో ‘బ్రహ్మాండంబు నా పాలికిన్’ అని, నాకదే గొప్ప అనీ, విశ్వమంతా నాదే అనీ రెండర్థాలిచ్చే శ్లేష ఉండగా అమితాన్ని ఎలా తోసిపుచ్చుతారు? పోతన ఒక్క అకారంతో బలినీ మననీ కూడా ఏమార్చాడు.

లెక్కల మనిషి: బలిని దాతలతో పోల్చడం ఆయనకే అన్యాయం. ‘వరచేలంబులో మాడలో’ అని తన దగ్గరున్నవన్నీ ఏకరువు పెట్టినా, చివరికి ‘యే మడిగెదో’ అని ఎంపిక అడిగేవాడికే వదిలాడు. మా సరుకే కొనాలన్న షరతును అతి వెనుకబడిన దేశాలకిచ్చే సహాయం నుంచి తొలగించమని సంపన్న దాతల కమిటీ సిఫారసు చేయడానికి 2001 దాకా పట్టింది. 2010 గడువుకు పారిస్ లక్ష్యాలు 13లో నెరవేరింది ఒక్కటే.

పాత పాఠకుడు: 2011లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో జరిగిన సహాయ సదస్సులో దాత, గ్రహీత అన్న తేడా తగ్గించి భాగస్వాములన్నారు. ‘ఆదిన్ శ్రీసతి కొప్పుపై’ పద్యంలో బలి మురిసిపోయేది మాత్రం తన చెయ్యి పైన ఉన్నందుకే. వ్యాసానికి ఆ పద్యమే తగును.

వ్యాసకర్త: అది దాత గొంతు, నాకు కావలసింది అడిగేవాడి గొంతు. మితమని రాసి, అమితాన్ని అధోజ్ఞాపికలో ఉంచితే సంధిప్రియ గారు ఒప్పుకుంటారా?

సంధిప్రియ: అమితం పైన, మితం కింద ఉంచితే ఒప్పుకుంటాను.