సైకాలజీ కాన్ఫరెన్స్‌కి స్టూడెంట్ అబ్‌స్ట్రాక్ట్: పంపినవాళ్లు కాస్త చెప్పండి

నిద్రలేని స్కాలర్
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ సైకాలజీ చివరి ఏడాది. డిజర్టేషన్ పని నుంచి ఒక అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) తీసి కాన్ఫరెన్స్‌లో విద్యార్థులకి కేటాయించిన స్టూడెంట్ ట్రాక్‌కి పంపుదామనుకుంటున్నాను. గడువు ఈ శుక్రవారమే. రాత్రిపూట ఫోన్ వాడకానికీ నిద్ర నాణ్యతకీ ఉన్న సంబంధం నా అంశం. 84 మంది విద్యార్థులు, నిద్ర నాణ్యత కొలిచే ప్రశ్నావళి పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్ ఇచ్చాం. r (సంబంధం ఎంత బలమైనదో చెప్పే అంకె) = 0.21, p (అసలు సంబంధమే లేకపోయినా కనీసం ఇంత ఫలితం వచ్చే అవకాశం) = 0.055 వచ్చింది. "సిగ్నిఫికెంట్" అనడానికి మామూలుగా పెట్టుకునే 0.05 గీతకి కాస్త పైన. 250 పదాల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? పోస్టర్ (బోర్డు మీద పెట్టి చూపేది) అడగాలా, ఓరలా (వేదిక మీద మాట్లాడేది)? గైడ్ గారి పేరు ఎక్కడ పెట్టాలి? 0.055ని "సిగ్నిఫికెన్స్‌కి చేరువలో ఉంది" అని రాయొచ్చా? ఇంకో 30 మంది డేటా వచ్చే నెల చేతికొస్తుంది, దాన్ని ఇప్పుడే ప్రస్తావించొచ్చా?

మూడోపేరు
మిగతావన్నీ తర్వాత, ముందు పేర్ల సంగతి తేల్చుకోండి. ప్రశ్నావళి నేనే తయారు చేశా, డేటా నేనే సేకరించా, లెక్కల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌తో కుస్తీ నేనే పట్టా. అబ్‌స్ట్రాక్ట్‌ల పుస్తకం వచ్చాక చూస్తే మొదటి పేరు గైడ్‌ది, రెండోది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒకాయనది, మూడోది నాది. ఆ రెండో ఆయన మొహం నేను కాన్ఫరెన్స్‌లోనే మొదటిసారి చూశా! అడిగితే "మన దగ్గర ఆనవాయితీ" అన్నారు. పని మొదలవకముందే మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

రిగ్రెషన్ రాజు
అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) ఎథిక్స్ కోడ్‌లో 8.12 సెక్షన్ చూపించాల్సింది. స్టూడెంట్ థీసిస్ మీద ఆధారపడిన పేపర్‌కి స్టూడెంటే ప్రధాన రచయిత అని స్పష్టంగా ఉంది.

పదాల పిసినారి
రాజు గారూ, అందులో ఉన్నది డాక్టోరల్ డిజర్టేషన్ గురించి, అదీ "అసాధారణ పరిస్థితుల్లో తప్ప" అనే మినహాయింపుతో. మాస్టర్స్ విద్యార్థి అది పట్టుకెళ్లి గైడ్ టేబుల్ మీద పెడితే ఏమవుతుందో మీకు తెలియదా? అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: పదవిలో ఉన్నంత మాత్రాన పేరు రాదు, చేసిన పనికే వస్తుంది. వాదించాలంటే ఆ మాటతో వాదించండి.

ఇంకొకటి. సబ్మిషన్ ఫారంలో పదాలు లెక్కపెడతారా, స్పేసులతో కలిపి అక్షరాలు లెక్కపెడతారా చూసుకోండి. వర్డ్ నుంచి పేస్ట్ చేస్తే ఈటా, కై లాంటి గ్రీకు గుర్తులు కొన్ని ఫారాల్లో ప్రశ్నార్థకాలైపోతాయి. ప్రివ్యూ చూడకుండా సబ్మిట్ నొక్కొద్దు.

రెండో రివ్యూయర్
ఇక్కడ రాసేవాళ్లే ఎక్కువ ఉన్నట్టున్నారు. చదివేవాడి వైపు నుంచి నేను చెబుతా. స్టూడెంట్ ట్రాక్‌లకి ఏళ్లుగా రివ్యూ చేస్తున్నా. ఒక్కో అబ్‌స్ట్రాక్ట్‌కి మేం ఇవ్వగలిగేది కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల్లో సగం "నేటి ఆధునిక యుగంలో యువత" అనే పేరా తినేస్తుంది. నేనూ ఆ యుగంలోనే బతుకుతున్నా, నాకు తెలుసు. సమస్యకి ఒకటి రెండు వాక్యాలు చాలు. తర్వాత ఎవరిని, ఎంతమందిని, ఏ స్కేల్‌తో కొలిచారు, ఏ విశ్లేషణ చేశారు, అంకెల్లో ఏం వచ్చింది. 250 పదాల్లో సగానికి పైగా వీటికే పోవాలి. "ఫలితాలు సదస్సులో చర్చిస్తాం" అని కనిపించిందంటే నేను తర్వాతి ఫైల్ తెరుస్తా.

టైటిల్లో "ఫోన్ వాడకం ప్రభావం" అని పెట్టకండి. మీది కోరిలేషన్, రెండూ కలిసి మారుతున్నాయని చెబుతుంది తప్ప ఏది దేనికి కారణమో చెప్పదు. నిద్ర పట్టనివాళ్లే ఫోన్ పట్టుకుంటున్నారేమో! పిట్స్‌బర్గ్‌లో స్కోరు పెరిగితే నిద్ర బాగోలేదని అర్థం, 0 నుంచి 21 దాకా ఉంటుంది. ఆ దిశ చెప్పకుండా 0.21 అని వదిలేస్తే నిద్ర బాగుపడిందనుకుంటారు. ఇక 0.055 సిగ్నిఫికెంట్ కాదు. "చేరువ" అనే ఖాతా లేదు.

చివరిబెంచీ
అందరూ రాసేదేగా సార్, "మార్జినల్లీ సిగ్నిఫికెంట్" అని! అదీ వద్దంటే వన్ టెయిల్డ్ (ఒక్క దిశనే చూసే టెస్ట్) పెట్టేయండి, p సగమై 0.028 అవుతుంది. సిగ్నిఫికెంట్ అని పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకోవచ్చు. మా బ్యాచ్ గట్టెక్కింది అలాగే.

రెండో రివ్యూయర్
ఫలితం చూశాక టెయిల్ మార్చడాన్ని గట్టెక్కడం అనరు. బాణం ఎక్కడ గుచ్చుకుందో చూసి దాని చుట్టూ గురి గీసుకోవడం అంటారు. డేటా చూడకముందే వన్ టెయిల్డ్ అని ఎక్కడైనా నమోదు చేసి ఉంటే చూపించండి, నోరు మూసుకుంటా.

బేయస్ భక్తురాలు
ఇద్దరూ 0.05నే పట్టుకుని వేలాడుతున్నారు. అది ఆకాశం నుంచి ఊడిపడ్డ గీత కాదు. దేవుడికి 0.05 మీద ఎంత ప్రేమో 0.06 మీదా దాదాపు అంతే ఉంటుందని సైకాలజిస్టులు రాస్నో, రోసెంతాల్ 1989లోనే చురక వేశారు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ కూడా శాస్త్రీయ నిర్ధారణ ఒక్క p గీత దాటడం మీద ఆధారపడకూడదని ప్రకటన ఇచ్చింది.

స్కాలర్ గారూ, మీ 84 మందికి r చుట్టూ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) వేస్తే సుమారు సున్నా నుంచి 0.41 దాకా వస్తుంది. అది రాయండి. సంబంధం దాదాపు లేకపోవచ్చు, ఓ మోస్తరుగా ఉండొచ్చు, ఈ డేటాతో ఇంతకు మించి తేలదు. 0.2 స్థాయి సంబంధాన్ని 80 శాతం పవర్‌తో, అంటే నూటికి ఎనభై సార్లు, పట్టుకోవాలంటే 190కి పైగా మంది కావాలి, జీపవర్ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూసుకోండి.

చివరిబెంచీ
ఇంకో 30 మంది వస్తున్నారని స్కాలర్ గారే చెప్పారుగా! వాళ్లని కలిపి మళ్లీ టెస్ట్ చేస్తే 0.05 కిందకి దిగుతుంది, కథ కంచికి.

రెండో రివ్యూయర్
దిగకపోతే ఇంకో 30, అప్పటికీ దిగకపోతే ఇంకో 30? సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే పరిశోధకులు 2011లో సిమ్యులేషన్ చేసి చూపించింది ఇదే. ఇలాంటి చిన్న చిన్న వెసులుబాట్లు నాలుగు కలిస్తే లేని సంబంధం ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతం నుంచి 60 దాటుతుంది. మీ బ్యాచ్ వాళ్ల పోస్టర్లు నా దగ్గరికి రాకపోవడం వాళ్ల అదృష్టం.

చివరిబెంచీ
అబ్బో! మరి మీలాంటివాళ్లు "సిగ్నిఫికెంట్ కాదు" అని నిజాయితీగా రాసిన స్టూడెంట్‌కి ఎన్ని మార్కులు వేశారు సార్? మా క్లాస్‌లో ఒకమ్మాయి ఉన్నదున్నట్టు రాస్తే "ఆసక్తికరమైన ఫలితం లేదు" అని తిప్పి పంపారు. నక్షత్రాలు పెట్టినవాళ్లందరికీ పోస్టర్ దొరికింది. నీతులు మాకు, స్కోర్లు వాళ్లకా?

బేయస్ భక్తురాలు
ఈ మాటకి నేను చివరిబెంచీ వైపే. సిగ్నిఫికెంట్ కాని ఫలితాలు బయటికి రాకుండా సొరుగులోనే ఉండిపోతాయని, రోసెంతాల్ 1979లో ఫైల్ డ్రాయర్ సమస్య అని పేరు పెట్టింది దీనికే. 2015లో 100 సైకాలజీ స్టడీలను మళ్లీ చేసి చూసినప్పుడు, మొదట 97 శాతం సిగ్నిఫికెంట్ అన్నవి రెండోసారికి 36 శాతానికి పడిపోయాయి. ఆ వాతావరణంలో రివ్యూయర్ల చేయి లేదంటారా?

రెండో రివ్యూయర్
నేను పద్ధతికి మార్కులు వేస్తా, నక్షత్రాలకి కాదు. నా సహచరుల లెక్క నన్నడగొద్దు.

చివరిబెంచీ
తెలివిగా తప్పుకున్నారు.

మోడరేటర్
ఇక్కడితో ఆపండి. బ్యాచ్‌ల గురించీ మనుషుల గురించీ ఇంకో వ్యాఖ్య వస్తే తీసేస్తాను. అడిగినవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు.

ఇన్‌బాక్స్ బాధితుడు
ఇది చదువుతుంటే గుర్తొచ్చింది. నాకు "గౌరవనీయ ప్రొఫెసర్ గారికి" అంటూ కాన్ఫరెన్స్ ఆహ్వానం వచ్చింది. నేను డిగ్రీ రెండో ఏడాది! సరదాకి ఒక అబ్‌స్ట్రాక్ట్ పంపితే సాయంత్రానికల్లా ఆమోదం, దాంతోపాటు ఫీజు కట్టే లింకు. సైకాలజీ, సివిల్ ఇంజినీరింగ్, పశువైద్యం అన్నీ ఒకే వేదిక మీద అట. కమిటీలో పేరున్న ఒక ప్రొఫెసర్‌కి మెయిల్ పెడితే, ఆయనకి ఆ సంగతే తెలియదు. డబ్బు కట్టేముందు కమిటీలో ఒక్కరినైనా నేరుగా అడగండి.

నిద్రలేని స్కాలర్
అందరికీ థాంక్స్. r, ఇంటర్వెల్ రెండూ రాస్తాను, "చేరువ" తీసేశాను. పోస్టరా, ఓరలా మాత్రం ఎవరూ చెప్పలేదు.

గోడమీది పోస్టర్
పోస్టరే! ఓరల్‌లో పది పన్నెండు నిమిషాలు మాట్లాడతారు, ఒక ప్రశ్న వస్తుంది, అంతటితో సరి. పోస్టర్ దగ్గర ఆ స్కేల్ వాడినవాళ్లే వచ్చి నిలబడి మాట్లాడతారు. నాకు పీహెచ్‌డీ గైడ్ దొరికింది పోస్టర్ ముందే. 2019లో మైక్ మారిసన్ అనే ఆయన చూపించిన పోస్టర్ పద్ధతిలో, నడుమ పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం, పక్కన సన్నగా వివరాలు.

రిగ్రెషన్ రాజు
ఆ డిజైన్‌లో గ్రాఫ్‌కి చోటుండదు. నడుమ వాక్యం ఒక్కటే చదివి జనం వెళ్లిపోతారు.

గోడమీది పోస్టర్
మీ 900 పదాల పోస్టర్ ముందు ఆగకుండానే వెళ్లిపోతారు రాజు గారూ.

పదాల పిసినారి
స్కాలర్ గారూ, ఆ 30 మంది సంగతి. "డేటా సేకరణ కొనసాగుతోంది" అని రాయనిచ్చే కాన్ఫరెన్స్‌లు ఉన్నాయి, పూర్తయిన పనే కావాలనేవీ ఉన్నాయి. గైడ్‌లైన్స్‌లో చూడండి. రాయనిస్తే, అసలు ఎంతమందిని తీసుకోవాలని ముందు అనుకున్నారో ఆ సంఖ్య రాసి, చేతిలో ఉన్న 84 మంది ఫలితమే ఇవ్వండి. బ్లైండ్ రివ్యూ (రాసిందెవరో తెలియకుండా చదవడం) అయితే ఫైల్ ప్రాపర్టీస్‌లో మీ పేరు తీసేయండి, కాలేజీ పేరు, ఎథిక్స్ కమిటీ పేరు కూడా. "ఎథిక్స్ అనుమతి పొందాం" అంటే చాలు.

నిద్రలేని స్కాలర్
గడువు దగ్గర "ఏఓఈ" అని ఉంది. అంటే?

రెండో రివ్యూయర్
ఎనీవేర్ ఆన్ ఎర్త్. యూటీసీకి 12 గంటలు వెనక. భూమ్మీద ఎక్కడైనా ఇంకా శుక్రవారం ఉన్నంతసేపూ మీకు టైమ్ ఉన్నట్టే. అలాగని ఆఖరి గంటదాకా ఆగకండి, సైట్ మొరాయిస్తుంది.

కొత్తగా వచ్చా
మధ్యలో దూరుతున్నా, సారీ. నా అబ్‌స్ట్రాక్ట్ ఆమోదం పొందింది, అదే రోజుల్లో పరీక్షలు పడ్డాయి. ఫ్రెండ్ వెళ్లి ప్రెజెంట్ చేయొచ్చా?

గోడమీది పోస్టర్
ఆ ఫ్రెండ్ సహ రచయిత అయితే కమిటీకి మెయిల్ పెట్టి ప్రెజెంటర్ పేరు మార్పించుకోండి, వాళ్ల రిజిస్ట్రేషన్ కూడా గడువులోపు కట్టించండి. ప్రెజెంటర్ రిజిస్టర్ కాకపోతే చాలాచోట్ల ప్రోగ్రాం నుంచే తీసేస్తారు. సహ రచయిత కాకపోతే ఇప్పుడే వెనక్కి తీసుకోండి. చెప్పకుండా ఎగ్గొడితే ఖాళీ బోర్డు మీద మీ పేరు రోజంతా వేలాడుతుంది.

చివరిబెంచీ
బోర్డు కొలత ముందే కనుక్కోమని చెప్పండి ఆ ఫ్రెండ్‌కి. మావాడు అడ్డంగా ప్రింట్ చేసుకెళ్లాడు, అక్కడ బోర్డులన్నీ నిలువే.