రాత్రి రైల్లో రెండేళ్ల పాపకు పాలు విరగకుండా ఎలా తీసుకెళ్లాలి?

మే నెలలో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్తున్నాం. పాపకు ఐదేళ్లలోపే కాబట్టి టికెట్ అక్కర్లేదు, లోయర్ బెర్త్‌లో నా పక్కనే పడుకుంటుంది. చిక్కల్లా పాలతోనే. ఫ్లాస్క్‌లో ముందు వేడినీళ్లు పోసి పది నిమిషాలుంచి పారబోసి, పొంగిన పాలు నిండా పోస్తే నాలుగైదు గంటలు ఢోకా లేదు. సగం తాగించాక మిగిలినవి గోరువెచ్చబడి తెల్లారేసరికి విరుగుతున్నాయి. మూత వాషర్ కింద పాత మీగడ ఉన్నా అంతే. రెండు చిన్న ఫ్లాస్కులు మేలా, వేడినీళ్లు, పాలపొడి విడివిడిగా మేలా? రైల్లో అమ్మే టీ పాలు వద్దండీ, చక్కెర ఎక్కువ. మధ్యాహ్నం పాలు పోసి, చెంచాడు పెరుగుతో తోడేసిన అన్నం రాత్రి ఎనిమిదింటికి పులుస్తుందా?