పర్లాకిమిడి కోర్టులోనే ఉండాలా, విశాఖపట్నం వెళ్లాలా?

మహేంద్రతనయ ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఒడిశా బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యి, బార్ పరీక్ష కూడా పాసై, 8 నెలలుగా ఒక సివిల్ సీనియరు గారి దగ్గర జూనియరుగా ఉన్నాను. ఇంతవరకు నేను చేసిన పనల్లా వాయిదాలు రాసుకోవడం, హాజిరాలు (కక్షిదారు కోర్టుకు వచ్చారని చెప్పే కాగితాలు) దాఖలు చేయడం, ఆయన వేరే కోర్టులో ఉంటే వాయిదా కోరుతూ టైం పిటిషన్ ఇచ్చి నిలబడడం. చేతికొచ్చేది పెట్రోలుకూ ఫోనుకూ సరిపోతుంది. ఒడియా బాగానే మాట్లాడతాను గానీ, చేతిరాత ఒడియా చదవాలంటే మా గుమాస్తా గారే దిక్కు. మా మేనమామ గారు విశాఖపట్నం వచ్చేయమంటున్నారు. అక్కడ అంతా తెలుగే కదా అని ఆయన వాదన. ఇక్కడే ఉంటే నాకు ఎప్పటికైనా సొంత కేసులు వస్తాయా అన్నది నా బెంగ.

బరంపురం పాత వకీలు:
అమ్మా, విశాఖపట్నం సంగతి తరవాత చూద్దాం, ముందు చేతిరాత ఒడియా నేర్చుకోండి. సాక్షుల వాంగ్మూలాలు, తహసీలు రికార్డులు, పోలీసుల కాగితాలు ఆ లిపిలో ఉండగా, వాటిని గుమాస్తా గారు చదివి వినిపిస్తే గానీ తెలియని వకీలు క్రాస్ ఎగ్జామినేషన్ చేయలేరు. మీ ఆఫీసులో తీర్పు అయిపోయిన పాత కేసు కట్టలు ఉంటాయి. రోజుకొక వాంగ్మూలం తీసుకుని మీ చేత్తో తిరిగి రాయండి. మూడు నాలుగు నెలల్లో కన్ను అలవాటు పడుతుంది. పైగా, ప్రశ్న ఎలా అడిగితే సాక్షి ఏం చెప్పాడో కూడా అందులోనే తెలుస్తుంది.

ఇక మీకున్న ఆస్తి తెలుగు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, ఇక్కడి కుటుంబాల పెట్టెల్లో ఉన్న పాత క్రయపత్రాలు, పంపకపు కాగితాలు చాలావరకు తెలుగులోనే ఉంటాయి. వాటిని చదవగలిగినవారు బార్‌లో ఏటేటా తగ్గుతున్నారు. నేను జూనియరుగా ఉన్న మూడో ఏట, 1931 నాటి దస్తావేజు ఉన్న ఒక కట్టలో, తర్జుమాను మాత్రమే చదివి ప్లెయింట్ (దావా పత్రం) ముసాయిదా రాశాను. తర్జుమా చేసినాయన దాన్ని కౌలు అన్నాడు, నేనూ కౌలే అన్నాను. విచారణలో ఎనభై దాటిన మా సాక్షి బోనులో నిలబడి, "కౌలెక్కడిది బాబూ, మా తాత భోగ్యానికి పెట్టాడు" అన్నాడు. మా సీనియరు గారు ఏమీ అనకుండా అసలు కాగితం తీసి నా ముందు పెట్టారు. రెండో వరుసలోనే ఉంది ఆ మాట, సిరా వెలిసిపోయినా చదవడానికి వీలుగానే ఉంది.

భోగ్యం అంటే అప్పు తీరేదాకా భూమి అప్పిచ్చినవాడి స్వాధీనంలో ఉండి, వడ్డీకి బదులు వాడు పంట తినే తనఖా. దానికీ కౌలుకూ చట్టం వేరు, కాలపరిమితి వేరు. ఇటువంటి తనఖాలో భూమిని విడిపించుకునే గడువు దస్తావేజు తేదీ నుంచే మొదలు కాదని సుప్రీంకోర్టు 2014లో సింగ్‌రాం కేసులో తేల్చింది కాబట్టి, ఇప్పుడు ఆ ఒక్క మాటకు ఇంకా విలువ పెరిగింది. ఆనాడు మాకు ప్లెయింట్ సవరణ దొరికింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు 2002లో వచ్చిన సవరణ తరవాత, విచారణ మొదలయ్యాక ప్లెయింట్ మార్చుకుంటామని ఆర్డర్ 6 రూల్ 17 కింద అడిగితే, తగిన శ్రద్ధ చూపినా ముందే తెలుసుకోలేకపోయామని నిరూపించాలి. కాగితం కట్టలోనే ఉండగా ఆ మాట ఏ ముఖంతో చెబుతాం?

గుణుపురం వకీలు:
పెద్దాయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు గానీ, పెట్రోలు డబ్బుతో ఎన్నాళ్లు నేర్చుకోవాలో కూడా చెప్పాలి కదా. ఇంట్లో ఆదుకునేవాళ్లు ఉన్నవారికి ఓపిక పట్టమని చెప్పడం తేలిక. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సిఫారసే, చిన్న ఊళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. అయినా, మీ సీనియరు గారితో మాట్లాడేటప్పుడు డబ్బు ఒక్కటే అడగకండి, పనిని అడగండి. వచ్చే ఆరు నెలల్లో ఒక రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు ప్రతివాది ఇచ్చే జవాబు) ముసాయిదా, ఒక చిన్న సాక్షి చీఫ్ ఎగ్జామినేషన్ (మన సాక్షిని మనమే ప్రశ్నించడం) మీకు వదలమనండి. రెండూ కుదరవంటే సీనియరును మార్చండి, ఊరిని మార్చనక్కరలేదు.

సొంతంగా మొదట తీసుకోవడానికి చెక్కు బౌన్సు కేసులు మంచివి. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు, అది దాటిన నెలలోపు ఫిర్యాదు: ఈ తేదీలు డైరీలో తప్పకుండా వేయగలిగితే మిగతాది సాధనతో వస్తుంది. క్రిమినల్ పని ఇష్టమైతే, జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లోని లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థలో (పేద నిందితుల తరఫున ఉచితంగా వాదించేది) అసిస్టెంట్ పోస్టుకు మూడేళ్లలోపు అనుభవం ఉన్నవారు అర్హులే. అయితే అందులో చేరాక ప్రైవేటు కేసులు చూడకూడదు.

మా రాయగడ జిల్లాలాగా షెడ్యూల్డ్ ఏరియా భూమి మీ చేతికొస్తే, ప్లెయింట్ సంగతి తరవాత, ముందు అమ్మినవారు గిరిజనులా అని చూడండి. గిరిజనుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా అడ్డుకునే 1956 నాటి 2వ రెగ్యులేషన్‌ను మరిచి రాసిన దావాలు ఎన్ని చూశానో!

మహేంద్రతనయ ఒడ్డు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మేనమామ గారికి ఈ ఏడాదికి రాలేనని చెప్పాను. జడ్జి పరీక్ష రాయాలన్న ఆలోచనా ఉంది. సుప్రీంకోర్టు 2025 మేలో మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను మళ్లీ తెచ్చింది కనుక, ఎలాగూ అన్నాళ్లు కోర్టులో ఉండాలి. ఒక చిన్న సందేహం. మా ఆఫీసులో ఒక తెలుగు క్రయపత్రంలో భూమిని కుంచాల లెక్కన రాశారు. దాన్ని ఎకరాలు, డెసిమళ్లలోకి (సెంట్లలోకి) ఎలా మార్చాలి?

బరంపురం పాత వకీలు:
మార్చకండి. కుంచం అంటే ఆ భూమిలో చల్లే విత్తనం కొలత, అది ఊరికో రకంగా ఉండేది. మీరు వేసిన లెక్క తప్పితే అవతలివారు దాన్నే పట్టుకుంటారు. కాగితంలో ఉన్న మాటనే ప్లెయింట్‌లో రాసి, నాలుగు వైపుల హద్దులను పట్టుకోండి. చెరువు గట్టో, గెడ్డో ఒక్కటైనా చెరగకుండా ఉంటుంది. తహసీలు నుంచి సాబిక్ (పాత సర్వే) ప్లాటు నంబరుకు హాల్ (ఇప్పటి సర్వే) ప్లాటు నంబరు ఏదో చూపే కాగితం తెప్పించుకోండి. ఆ తరవాత కోర్టు తరఫున భూమి కొలిచి చెప్పడానికి సర్వే తెలిసిన కమిషనరును వేయమని ఆర్డర్ 26 రూల్ 9 కింద పిటిషన్ పెట్టి, ఆయన కొలతకు వెళ్లిన రోజున క్రయపత్రం నకలు చేతిలో పట్టుకుని మీరూ పొలానికి వెళ్లండి.